పడవ కాటయ్య వేషం

3 జూలై 1988, ఆదివారం

పొద్దున్నుంచి ముసురు. కాగితం మిల్లు పొగ పైకి పోలేక బజారంతా ఉడికిన వెదురు వాసన. షాపు రేకు చిల్లికి తారు పూశాను. రెండు రేడియోలు బాగయ్యాయి, ఒకటి కాలేదు. వెనుక తలుపు గడియ వేయలేదు.

మధ్యాహ్నం దేవదాస్ వచ్చాడు. ఎండాకాలం మొదట్లో చూసిందే, మళ్లీ ఇదే. కాంపౌండరు పని మీద గోదావరి వైపు ఒక చిన్న దవాఖానాకు పంపారు. వారమంతా అక్కడే ఉండి, శనివారం రైలుకు కాగజ్‌నగర్ వస్తాడు. చిక్కిపోయాడు. చాయ తాగలేదు. గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

"అన్నా, ముచ్చటాట మల్ల మొదలు వెడదామా?" అన్నాడు.

ఆ ఆట మాట ఎత్తకుండా మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు ఎందుకు?

ముచ్చటాటకు బోర్డు లేదు, గళ్లు లేవు. ఒకరు చెప్పేటాయన. మిగతావాళ్లం తలా ఒక వేషం. చెప్పేటాయన మాటలతోనే ఒక ఊరు చూపించి, "నువ్వేం జేస్తవ్?" అని అడుగుతాడు. మనం చేసేది చెబుతాం. అయిందా కాలేదా తేల్చేది పాచిక. మిల్లులో ట్రైనింగుకు వచ్చిన బెంగళూరు పిల్లవాడు మాకు నేర్పి, పోతూ పాచికలు వదిలిపోయాడు. వాటిలో పెద్దది పచ్చది, ఇరవై ముఖాలది. అంకెలు అరిగిపోతే నా భార్య అనసూర్య గోళ్లరంగు తెచ్చి నేనే దిద్దాను. అది ఇప్పుడు మా దగ్గర లేదు. కొమురెల్లి పోయేటప్పుడు జేబులో వేసుకుపోయాడు. "ఇది ఈడుంటే నేను లేనప్పుడు నా మీదనే ఏస్తరు" అన్నాడు. నవ్వాం.

కొమురెల్లి నా తమ్ముడు. ఎక్కడికి పోయాడో ఇక్కడ రాయను. బజారుకు తెలుసు, ఠాణాకూ తెలుసు. ఎనభై ఆరులో అడవిలో వాళ్ల రేడియోలు నేనే బాగు చేస్తున్నానని నన్ను ఠాణాకు తీసుకుపోయి ఉంచుకున్నారు. ఆ సంగతి కూడా ఇక్కడ రాయను.

వెనుక తలుపు ద్వారబంధం పొట్టిది. వాడు వంగడం మరిచిపోయి ప్రతిసారీ నొసలు కొట్టుకునేవాడు. వడ్రంగిని పిలిచి ఎత్తు చేయించాలి.

దేవదాస్‌కు సరేనని చెప్పాను.

10 జూలై, ఆదివారం

ఎండ. రెండు గంటలకు మబ్బు. షాపు ఊడ్చి, చాప పరిచాను. అనసూర్య పల్లీలు వేయించింది.

దేవదాస్, అతని భార్య బాలలక్ష్మి, విద్యాసాగర్‌రావు సారు, నేను. రావుసారు మిల్లు వెదురు యార్డులో సూపర్‌వైజరు. వాళ్లది ఊళ్లో గడీ ఉన్న దొరల ఇల్లు. ఎనభైలోనే అందరూ గడీకి తాళం వేసి వచ్చేశారు. బాలలక్ష్మికి ఆట కొత్త.

దేవదాస్ ఊరు చెప్పాడు. కొత్తది కాదు, పాత ఆటలోని మూడు రేవుల ఊరే. కాని ముప్పై ఏళ్ల తర్వాత. ఎవరైనా పాత వేషం తెచ్చుకోవచ్చు, ముసలిదై వస్తుంది. లేదంటే కొత్తది కట్టుకోవచ్చు.

"నా దళపతి ఉన్నదున్నట్టు వస్తడు" అన్నాడు రావుసారు. "కత్తి, గుర్రం, ఎనుకటి మర్యాదలు అన్నీ."

"గుర్రం ముప్పై ఏండ్లు బతుకుతదా సార్?" అని దేవదాస్.

"గడీ గుర్రమది. మేపుడు మంచిగుండె."

"గుర్రం సంగతి ఇడువున్రి. డెబ్బై ఏండ్ల సారు దాని మీదికి ఎక్కాల్నంటె నిచ్చెన ఏడికెళ్లి తేవాలె?" అంది బాలలక్ష్మి. రావుసారు నోట్లో పల్లీలు చాప మీద పడ్డాయి. ఆమె తన వేషం కల్లు దుకాణం ఎల్లవ్వ అని చెప్పింది. దళపతి పాత బాకీ ఉన్నాడని మొదటి మాటలోనే అనేసింది.

నేను నా తాళాల ముత్తయ్యనే తెచ్చుకున్నాను. చూపు తగ్గింది. ఊళ్లో తలుపులన్నిటికీ ఇంకా అతని తాళాలే ఉన్నాయని దేవదాస్ చెప్పాడు. కొన్ని తుప్పు పట్టాయి, కాని తెరుచుకుంటున్నాయి. వినడానికి బాగుంది. మనం చేసిన పని మనం చూడని ఇన్నేళ్లూ అక్కడ పని చేస్తూనే ఉందన్నట్టు.

చివర మేము రేవుకు వచ్చాం. ఒక పడవ, పడవలో ఒక ముసలాయన ఉన్నారని చెప్పాడు దేవదాస్. దళపతి కాలు పెట్టబోయాడు. దేవదాస్ గొంతు మార్చి అన్నాడు:

"చెప్పులు చేతిల పట్టుకో."

బాలలక్ష్మి ఒక్కతే మా మొహాలు చూస్తోంది.

"ఎవరాయన?" అన్నాను.

"కాటయ్య" అన్నాడు. నన్ను చూడలేదు.

పడవ కాటయ్య కొమురెల్లి వేషం. ఎంత పెద్దవాడైనా కాటయ్య పడవ ఎక్కాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. పాత ఆటలో దళపతి బూట్లు విప్పనంటే కాటయ్య తెడ్డు కింద పెట్టేశాడు. "మా బాపు మీ గడీ ముందట చెప్పులు చేతిల పట్టుకొని నడిచిండు సార్. నీళ్ల మీద నా గడీ ఇది" అన్నాడు కొమురెల్లి, ఆట గొంతుతో కాదు, తన గొంతుతోనే. రావుసారు మొహం ఎర్రబడింది. కాసేపటికి తన కాళ్ల చెప్పులు, నిజం చెప్పులే, విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆట సాగింది.

వెనుక తలుపు గడియ వేయలేదు.

11 జూలై, సోమవారం

జల్లు. ఒక ట్రాన్సిస్టరుకు స్టేషను ముల్లు తాడు మార్చాను.

మా ఆటకు ఒక కట్టుబాటు ఉంది. చిందు భాగోతం మేళం వాళ్లను చూసి మేమే పెట్టుకున్నాం. ఎవరి వేషం వాళ్లదే. ఆట అయిపోయినా వాళ్లదే. మనిషి ఉండగా అతన్ని అడగకుండా ఇంకొకరు ఆ వేషం కట్టకూడదు, ఆ గొంతు పలకకూడదు. ఇన్నేళ్లలో ఎవరూ తప్పలేదు. దేవదాస్ అసలు తప్పడు.

అంటే అడిగాడు. అడిగాడంటే కలిశాడు.

కలిస్తే నాకెందుకు చెప్పలేదు?

కట్టుబాటులో రెండో మాట ఒకటి ఉంది. అది ఇక్కడ అక్కరలేదు.

వెనుక తలుపు గడియ వేయలేదు.

13 జూలై, బుధవారం

వాన. సామాను చుట్టడానికి పాత పేపర్లు కోశాను. జూన్ నెల పేపరు ఒకటి చేతికొచ్చింది. గోదావరి అవతల ఎదురుకాల్పులు, నలుగురు. ముగ్గురి పేర్లున్నాయి. నాలుగో మనిషిని గుర్తించలేదు, పొడుగరి అని రాశారు.

కొమురెల్లి పొడుగేమీ కాదు.

ఆ పేపరులో వాల్వులు చుట్టి పై అరలో పెట్టాను. గడియ వేయలేదు.

17 జూలై, ఆదివారం

ముసురు. చాప తడి వాసన వస్తే పొయ్యి దగ్గర ఆరబెట్టాను.

ఈరోజు ఆటలో రావుసారు కాటయ్యను వదిలిపెట్టలేదు. "ఇన్నేండ్లు ఏడున్నవ్ కాటయ్యా? నీకు బువ్వ ఎవలు వెట్టిన్రు? ఊర్లెకు ఏ తొవ్వల అస్తున్నవ్?"

ఎనభై ఆరులో నన్ను అడిగినవి ఇవే. వరుస కూడా ఇదే.

కాటయ్యగా దేవదాస్ ఒకటే అన్నాడు, "నీళ్లు పెరిగినయ్ దొరా." తర్వాత మాట మార్చి ఎల్లవ్వ దుకాణంలో తగాదా పెట్టాడు. బాలలక్ష్మి చెలరేగింది. దళపతి గుర్రాన్ని బాకీ కింద కట్టేసుకుంది. "గుర్రం నా పెరట్ల ఉంటది సార్, మీరు నిచ్చెనేసుకొని వచ్చి చూస్కోన్రి" అంటే అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను. దేవదాస్ నవ్వుతున్నాడు గాని కళ్లు వెనుక తలుపు మీద ఉన్నాయి.

రావుసారు పెదనాయన ఇప్పటికీ ఇంటి ముందు పోలీసు కాపలా పెట్టుకుని ఉంటాడు. ఇది నాకు ఇన్నాళ్లూ గుర్తు లేదు.

గడియ వేయలేదు.

22 జూలై, శుక్రవారం

మంచిర్యాలలో ఎండ. స్పేరు సామాను కోసం పోయాను. కెపాసిటర్లు దొరికాయి, స్పీకరు దొరకలేదు.

తిరుగు రైలుకు స్టేషను ముందు నిలబడితే పోలీసు జీపు వచ్చి ఆగింది. ముందు సీటులోంచి దేవదాస్ దిగాడు, శనివారం రావాల్సినవాడు. చేతిలో దవాఖానా సంచి. లోపలున్నాయన ఏదో అంటే తలూపాడు. రెండుసార్లు ఊపాడు.

నేను చాయ బండి వెనక్కు జరిగాను. అదే రైలులో వేరే పెట్టె ఎక్కాను.

గడియ

గడియ ఈరోజు కూడా వేయలేదు. వేద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను.

24 జూలై, ఆదివారం

వాన పడలేదు. ఇల్లంతా ఉక్క.

దేవదాస్ చాప మీద కూర్చోకముందే అడిగాను. "శుక్రవారం ఎట్లచ్చినవ్? రైలు టైముకు దొరికిందా?"

"బస్సుకచ్చిన మంచిర్యాల దాంక. మస్తు రష్షన్నా."

అంత తేలికగా అన్నాడు. పదేళ్లుగా తెలిసిన మనిషి. కొమురెల్లికి టైఫాయిడ్ వచ్చినప్పుడు వాడి మంచం పక్కన కూర్చున్నవాడు. అబద్ధం ఆడేటప్పుడు చెవి వెనుక గోక్కుంటాడని నాకు ఈరోజే తెలిసింది.

ఆటలో ముత్తయ్యకు జ్వరమని చెప్పి పలకకుండా కూర్చున్నాను.

వాళ్లు పోయాక అనసూర్య అడిగింది. "గా తలుపుకు గడియ ఏస్తవా, ఎయ్యవా? కుక్క జొచ్చి కూర నాశనం జేసింది."

"రేపు చూద్దాం."

"రేపు రేపనుకుంటనే మూడేండ్లాయె."

వేయలేదు.

29 జూలై, శుక్రవారం

జల్లు. మర్ఫీ రేడియో ఒకటి. రావుసారు తెచ్చాడు. దానికేమీ కాలేదు, సెల్లు తిరగేసి వేశాడు. అంత తెలియని మనిషి కాదు. అంటే వేరే పని మీద వచ్చాడు.

స్టూలు మీద కూర్చున్నాడు. "హనుమండ్లూ, పోయిన ఆదివారం నన్ను దొంగను చూసినట్టు చూసినవ్."

"లేదు సార్."

"ఉన్నది. నాకు తెలుసు. ఊర్ల మమ్ముల అందరు గట్లనే చూస్తరు. అలవాటే." రేడియో ముల్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు. "నీ తమ్ముడు నాతోని చెప్పులు ఇడిపించిండు. నా బతుకుల గట్ల మొకం మీద అడిగినోడు లేడు. నాకు కోపం రావాలె గద? రాలే. ఎందుకు రాలే అని ఇప్పటికీ యాదికస్తది. కాటయ్యను నేను గన్ని సార్లు అడుగుడు ఎందుకంటె... పలకాలని. ఏదన్న ఒకటి పలకాలని."

రేడియో చంకలో పెట్టుకుని పోయాడు.

మంచిగా మాట్లాడాడు. మంచిగా మాట్లాడేవాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

గడియ వేయలేదు.

7 ఆగస్టు, ఆదివారం

పెద్ద వాన. రేకుల చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

పచ్చ పాచిక లేదు కాబట్టి దేవదాస్ ఇరవై చీటీలు డబ్బాలో వేసి తీస్తున్నాడు. చీటీ ఒకటి ఎగిరి మూల పడింది. తీద్దామని అతను వంగితే చొక్కా జేబులోంచి ఏదో జారి చాప మీద దొర్లింది. వెంటనే చెయ్యి మూశాడు. నేను ముందే చూశాను.

పచ్చది. ఎనిమిది అంకె దగ్గర గులాబి రంగు గీత దాటి బయటికి పోయింది. దిద్దుతూ నా చెయ్యి వణికిన చోటు.

దేవదాస్ నా వైపు చూశాడు. నేను పల్లీల గిన్నె వైపు చూశాను. బాలలక్ష్మి "ఏమాయె? చీటీ దొరకలేదా?" అని అడుగుతూనే ఉంది.

కొమురెల్లి ఇచ్చి పంపాడు. అనుమతి ఇచ్చినట్టు గుర్తుగా. ఇంకేముంటుంది.

లేదా సోదాలో పోలీసులకు దొరికింది. ఎర వేయమని దేవదాస్‌కు ఇచ్చారు. పాచిక చూస్తే అన్న నోరు తెరుస్తాడని.

రెండే దారులు.

రెండే.

గడియ వేయలేదు.

8 ఆగస్టు, సోమవారం

వాన. షాపు. రెండే.

14 ఆగస్టు, ఆదివారం

మబ్బు. ఉదయం పెట్టెలన్నీ సర్ది, పనికిరాని తీగలు వేరు చేశాను. చేస్తూ ఆలోచించాను.

ఎర నేను కూడా వేయగలను.

ఆటలో ఈరోజు ముత్తయ్యను లేపాను. పడవ దగ్గరికి నడిపించాను. కాటయ్యతో చెప్పాల్సింది దేవదాస్ కళ్లలోకి చూస్తూ చెప్పాను.

"కాటయ్యా, పొలాల నాడు రా. పొద్దు గూకక ముందే. ఊరంత ఎడ్ల ఎంబడి ఉంటది. నా ఇంటి ఎనుక తలుపుకు తాళం ఉండదు."

మూడు రేవుల ఊళ్లో ఎడ్లకు చేసే పొలాల పండుగ లేదు. ఎడ్లే లేవు. అది పడవల ఊరు. అందరికీ తెలుసు. రావుసారు పల్లీ నోటి దగ్గరే ఆపాడు.

దేవదాస్ చాలాసేపు చీటీల డబ్బా ఊపుతూ కూర్చున్నాడు.

"కాటయ్య విన్నడు" అన్నాడు.

"వస్తడా?"

"విన్నడన్నా. గంతే చెప్పగలుగుత."

పొలాల నాడు సందులో పోలీసులు కనబడితే దేవదాస్ ఎవడో తేలిపోతుంది. కొమురెల్లే వస్తే అదీ తేలుతుంది. సందు చివరి ఎర్ర మేడ దాకా షాపులోంచే కనబడుతుంది. మఫ్టీలో ఎవరైనా ఉంటే కొమురెల్లిని వెనక్కు పంపే సమయం దొరుకుతుంది. గుర్తుగా షాపులో రేడియో గట్టిగా పెడతాను. వాడికి తెలిసిన గుర్తు అదే. నేను అన్నీ చూసుకున్నాను.

గడియ వేయలేదు.

28 ఆగస్టు, ఆదివారం

ఎండ, వాన కలిసి. గోడకు తగిలించిన గడియారానికి నూనె వేశాను.

రెండు ఆదివారాలుగా ఆట లేదు. అక్కడ జ్వరాలని దేవదాస్ రాలేదు. లేదా జ్వరాలు లేవు.

అనసూర్యకు బియ్యం ఎక్కువ తెమ్మన్నాను. "ఎందుకు? ఎవలస్తున్నరు?" అంది. చెప్పలేదు. ఆమె చేట కింద పెట్టింది.

"నేను చాయ పెట్టుకుంట మీ ఆట అంత ఇంటనే ఉంట. నాకు తెల్వదనుకోకు. సిగ్నల్ లచ్చయ్య పచ్చకామెర్లతోని పాయె. ఆయన వేషం దేవదాస్ కట్టిండు. అప్పుడు నువ్వేమన్నవ్? ఎవల పర్మిషనన్న అడిగిన్రా?"

"అది వేరు."

"ఎట్ల వేరు? మనిషి ఉంటె అడగాలె, లేకుంటె అడిగేదేంది, ఎవలన్న కట్టొచ్చు. గా మాట చెప్పింది నువ్వే. గీడనే నిలవడి చెప్పినవ్."

"నీకు ఆట సంగతి తెల్వదు" అన్నాను.

ఆమెకు ఆట సంగతి తెలియదు.

బియ్యం నేనే తెచ్చాను. గడియ వేయలేదు.

6 సెప్టెంబరు, మంగళవారం

ఎండ. వడ్రంగి వచ్చి ద్వారబంధం చూశాడు. ఎత్తు చేయాలంటే గోడ కోయాలన్నాడు. "గీ తలుపుల వంగకుంట వచ్చేటంత పొడుగు మీ ఇంట్ల ఎవలున్నరు?" అని అడిగాడు.

పండుగ తర్వాత చెబుతానన్నాను.

10 సెప్టెంబరు, శనివారం. పొలాల

ఎండ. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. షాపు మధ్యాహ్నమే మూశాను. అనసూర్య బూరెలు చేసింది, ఎవరి కోసమని అడగలేదు.

రైతులు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, నొసట బాసింగాలు కట్టి, డప్పులతో బజారు మీదుగా తోలుకుపోయారు. ఊరంతా అటే పోయింది. నేను వెనుక సందు కనబడేలా స్టూలు వేసుకుని, రేడియో ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎర్ర మేడ దగ్గర ఎవరూ లేరు. ఒక పోలీసాయన ఊరేగింపులో బెల్లం తింటూ నడుస్తున్నాడు, ఇటు చూడలేదు. డప్పులు దూరమయ్యాయి. సందులో ఒక మేక. తర్వాత మేక కూడా లేదు.

అప్పుడు ఎర్ర మేడ పక్కనుంచి ఒకడు వచ్చాడు. తల మీద రుమాలు కప్పుకున్నాడు. గోడ నీడనే నడుస్తున్నాడు. ఎదురెండకు మొహం కనబడలేదు. నేను లేచి నిలబడ్డాను. అనసూర్యా అని పిలవబోయాను.

వాడు పొడుగు లేడు.

ద్వారబంధం కింద వంగాల్సిన పని లేకుండానే లోపలికి వచ్చాడు. దేవదాస్. చెప్పులు రెండూ చేతిలో ఉన్నాయి.

"నువ్వెందుకచ్చినవ్?" అన్నాను.

"పొలాల నాడు రమ్మంటివి గదన్నా. వచ్చేటోడు ఇంకెవడు లేకపాయె."

కూర్చోమనలేదు. అతనే గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. చెప్పులు పక్కన పెట్టలేదు, ఒళ్లో పెట్టుకున్నాడు.

"జీపుల చూసినవా నన్ను?"

"చూసిన."

"గట్ల కాల్పుల ముగ్గురో నలుగురో పడితే డాక్టరుతోని నన్ను కూడా తీస్కపోతరు. కోసేది డాక్టరు, కుట్టేది నేను. బస్సని అబద్ధం చెప్పిన. జీపు అంటే ఎందుకని అడుగుతవని."

నేను రేడియో బటను తిప్పుతూ ఉన్నాను. అది ఆన్ చేసి లేదు.

"జూన్ల నలుగురు. నాలుగో మనిషికి పేరు లేదు. మొకం మీద బట్ట తీసిన. నొసటి నడుమ పాత మచ్చ. ఒకదాని మీద ఒకటి తలిగిన మచ్చ..." అని తల ఎత్తి ద్వారబంధం వైపు చూశాడు. "జేబులు నేనే చూసిన. ఇది రాయించలే. దాచిన."

పచ్చ పాచిక గచ్చు మీద పెట్టాడు. నా వైపు దొర్లించలేదు. పెట్టి చెయ్యి తీశాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఉరికస్తువు. పీనుగను అడిగేటోళ్ల కోసం పోలీసోళ్లు గేటు కాడనే కూసున్నరు. మల్ల ఎనభై ఆరే అవుతుండె. ఈసారి నువ్వు తిరిగి రాకపోదువు. తర్వాత చెప్పుదామంటే నోరు రాలే. గందుకే ఆటల తెచ్చిన. కాటయ్య గొంతు నేను పలికితే నువ్వు సమజ్ చేస్కుంటవనుకున్న. కట్టుబాటు పెట్టింది నువ్వే గదన్నా."

"అడిగినవా?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు. "కాటయ్యను కట్టేముందు వాణ్ణి అడిగినవా?"

"అడిగే తావు లేకుండె."

లోపల బూరెల మూకుడు చప్పుడు ఆగిపోయింది.

"కాష్టం పేర్చింది గోదావరి ఒడ్డుకు. నేను, ఊడ్చే ముసలాయన, ఒక జవాను. కట్టెలు తడిగున్నయ్, మస్తు సేపు పట్టింది. జవాను అడిగిండు నన్ను, ఎందుకయ్యా చెప్పులు చేతిల పట్టుకున్నవని. ఒండ్రుల దిగవడుతున్నయని చెప్పిన."

అనసూర్య గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె ఏడవలేదు. దేవదాస్ ఒళ్లోంచి చెప్పులు తీసుకుని గోడవారగా పెట్టి, అతని ముందు విస్తరాకు వేసింది. అతను తిన్నాడు. తింటుంటే కంటి నీళ్లు విస్తట్లో పడ్డాయి, తుడుచుకోలేదు. నేను పక్కన కూర్చున్నాను.

వెనుక తలుపు గడియ వేయలేదు.

11 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున మంచు లాంటి తుంపర, తర్వాత తెరిపి. స్నానం చేశాను. పై అరలోని వాల్వులకు చుట్టిన పేపరు విప్పి, మడిచి, కొమురెల్లి సోల్డరింగ్ కడ్డీతో పాటు పెట్టెలో పెట్టాను. షాపు తెరవలేదు. చాప పరిచాను.

ముగ్గురూ వచ్చారు. బాలలక్ష్మికి రాత్రే తెలిసినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి, నిచ్చెన మాట ఎత్తలేదు. రావుసారుకు ఎవరు చెప్పారో తెలియదు. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

ఆట ఆడతామని నేనే అన్నాను.

చీటీల డబ్బా అక్కరలేదు కాబట్టి దేవదాస్ దాన్ని పక్కకు పెట్టాడు. పచ్చ పాచిక చాప నడుమ ఉంది. అతను దాన్ని ముట్టుకోకుండా మొదలుపెట్టాడు.

"రేవు కాడ పడవ ఉన్నది. నీళ్లు తగ్గినయ్. పడవల..." అని ఆగి నన్ను చూశాడు. "పడవల ఎవ్వరు లేరు. తెడ్డు అడ్డంగ పెట్టి ఉన్నది."

అనసూర్య చాయ గ్లాసులతో అక్కడే నిలబడిపోయింది.

తాళాల ముత్తయ్య రేవు వరకూ నడిచి వచ్చాడని, మెట్ల మీద కూర్చుండిపోయాడని చెప్పాను. అతనికి ఇక ఈ ఊళ్లో చేయాల్సిన తాళాలు లేవు. పాచిక తీసి చేతిలో పట్టుకున్నాను, వేయలేదు. దీనికి పాచిక వేసేదేమీ లేదు.

"తెడ్డు నేను పట్టుకున్న" అన్నాను.

దేవదాస్ తలూపాడు. రెండుసార్లు ఊపాడు.

దళపతి వచ్చాడని రావుసారు చెప్పాడు. గుర్రం లేదు, కత్తి లేదు, చేతికర్ర మీద వచ్చాడు. "కాటయ్యా, అవతలికి పోవాలె. ఎక్కనా అన్నా?" అని అడిగాడు. నన్ను ఎన్నడూ అన్నా అని పిలవని మనిషి.

తమ్ముడి గొంతు నాకు వస్తుందనుకోలేదు. వచ్చింది. కొంచెం ఎగతాళి, కొంచెం బెదిరింపు, చివర నవ్వు ఆపుకున్నట్టు. చిన్నప్పటి నుంచీ విన్నదే గదా. చెప్పులు అన్నాను. అంతే అన్నాను. రావుసారు చాప మీదే ముందుకు వంగి, ఒక చెప్పు విప్పి ఒళ్లో పెట్టుకుని, రెండోదాని మీద చెయ్యి వేసి, నా వైపు చూస్తూ అదీ విప్పాడు.